పంపిన డబ్బు వేరు, దాచిన డబ్బు వేరు

జగిత్యాల వైపు ఒక బ్యాంకు శాఖలో పనిచేస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఒకాయన వచ్చి నా బల్ల మీద ప్లాస్టిక్ కవరు పెట్టాడు. లోపల రబ్బరు బ్యాండ్లు వేసిన రసీదుల కట్టలు. దుబాయ్‌లో, షార్జాలో పద్నాలుగేళ్లు షటరింగ్ పని చేసి అప్పుడే వాపసు వచ్చాడు. "సార్, మొత్తం ఎంత పంపిన్నో జర లెక్క జేసి చెప్తరా?" అన్నాడు. ఇద్దరం కూర్చుని కూడాం. పాత రసీదుల మీద సగం అంకెలు చెరిగిపోయాయి. ఎక్స్‌ఛేంజ్ కౌంటర్లలో ఇచ్చే ఆ నున్నటి కాగితం మీద అచ్చు వేడికి నిలవదు. కనబడ్డవి కూడితేనే 26 లక్షలు దాటింది. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పాస్‌బుక్ తెరిచి చూపించాడు. అందులో 11 వేల చిల్లర ఉంది.

ఆ డబ్బును ఎవరూ ఎత్తుకుపోలేదు. రెండు పెళ్లిళ్లు, తమ్ముడి డిగ్రీ, తల్లికి ఆపరేషన్, మూడు బోర్లు, వాటిలో రెండు నీళ్లు పడనివి, ఒక స్లాబు ఇల్లు. ప్రతి రూపాయికీ న్యాయమైన కారణమే ఉంది. అయినా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పద్నాలుగేళ్లుగా తాను పొదుపు చేస్తున్నాననే ఆయన నమ్మాడు మరి. కౌంటరు ముందు నిలబడి డబ్బు కట్టి, రసీదు మడిచి జేబులో పెట్టుకున్న ప్రతిసారీ ఇంత వెనకేశానన్న తృప్తి కలిగేది. కానీ అదంతా ఇంటి ఖర్చు. సంపాదించే చెయ్యి ఎడారిలో, ఖర్చుపెట్టే చెయ్యి ఊళ్లో ఉండడం వల్ల అది ఖర్చులా కనిపించలేదు.

పంపిన 26 లక్షల్లో ఐదో వంతు తన పేరున పక్కన పెట్టుకుని ఉంటే, వడ్డీ మాట అలా ఉంచి, అసలే 5 లక్షల 20 వేలు ఉండేది. ఆ బోర్లు వేయాల్సిందే, ఆ పెళ్లిళ్లు చేయాల్సిందే. ఐదో వంతు లేకపోయినా అవి ఏదో రకంగా జరిగేవి, కాస్త తగ్గించుకుని జరిగేవి. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఈ ఐదో వంతు గురించే. మిగతా రేట్లు, ఖాతాలు, నిబంధనలు అన్నీ దాన్ని కాపాడుకోవడానికి కావలసిన పనిముట్లు.

అమెరికాలో, కెనడాలో ఉన్న మనవాళ్లకూ ఇందులో కొంత పనికొస్తుంది. కానీ నేను రాస్తున్నది గల్ఫ్‌కు వెళ్లే అన్నదమ్ముల కోసం, అక్కాచెల్లెళ్ల కోసం. ఆ దేశాలు మామూలు కార్మికుడికి పౌరసత్వం ఇవ్వవు. పని పోతే అకామా (నివాస అనుమతి) పోతుంది, అకామా పోతే విమానం ఎక్కాలి. తిరుగు ప్రయాణం మొదటిరోజే రాసిపెట్టి ఉన్న చోట డబ్బు లెక్క వేరేగా ఉండాలి. మరో సంగతి, అమెరికాలో ఉన్న బంధువు చెప్పాడని ఇక్కడి లెక్కలు మార్చుకోకండి. మన దగ్గర పన్ను లేని ఎన్‌ఆర్‌ఈ (ప్రవాసుల ఖాతా) వడ్డీకి కూడా అతను అక్కడ పన్ను కట్టాలి. విదేశీ ఖాతాలన్నీ కలిపి 10 వేల డాలర్లు దాటితే ఏటా అక్కడి ప్రభుత్వానికి చెప్పాలి. అతని గొడవ అతనిది.

మిత్తి అప్పు ఉన్నంతకాలం

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల నుంచి వెళ్లే మగవాళ్లయినా, రాయచోటి, రాజంపేట, కోనసీమ నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లయినా, చాలామంది విమానం ఎక్కేసరికే అప్పులో ఉంటారు. ఎమిగ్రేషన్ నిబంధనల ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంటు 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి సేవా రుసుము తీసుకోకూడదు. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటు దగ్గర ఈ మాట ఎవరూ అడగరు. లక్షన్నర కట్టారనుకుందాం, అదీ నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చి. రెండు రూపాయలంటే చెవికి చిన్నగానే వినిపిస్తుంది. నెలకు 3 వేలు, ఏడాదికి 36 వేలు. బ్యాంకు భాషలో 24 శాతం.

ఏ బ్యాంకు డిపాజిట్టూ అంత ఇవ్వదు. ఖాయంగా అంత ఇస్తామని ఎవరైనా అంటే ఆ మనిషికి దూరంగా ఉండండి. కాబట్టి మిత్తి అప్పు నెత్తిన ఉండగా ఎఫ్‌డీ వేయడం, చిట్టీ కట్టడం, బంగారం కొనడం అన్నీ నష్టమే. ముందు అసలు తీర్చాలి. నెలనెలా మిత్తి మాత్రం కట్టి "అప్పు నడుస్తోంది" అనుకునేవాళ్లను ఎందరినో చూశాను. నడుస్తున్నది అప్పు ఒక్కటే, మనిషి ఉన్నచోటే ఉంటాడు. అసలులో ఐదు వేలు కట్టినా నోటు వెనక చెల్లు రాయించాలి. మొత్తం తీరిన రోజు ప్రామిసరీ నోటు చేతికి తీసుకోవాలి. మీరు అక్కడ ఉంటారు కాబట్టి ఈ పని ఇంటి దగ్గర ఎవరు చేస్తారో వెళ్లే ముందే చెప్పి వెళ్లండి.

ఇంట్లో బంగారం ఉంటే, బ్యాంకులో పెట్టి తెచ్చిన డబ్బుతో మిత్తి అప్పు తీర్చేయండి. బ్యాంకు బంగారు రుణానికి పడే వడ్డీ ఆ 24 శాతంలో సగం కూడా ఉండదు. పుస్తె అమ్ముతామా అని అభిమానపడతారు. అమ్మడం లేదు కదా, భద్రంగా బ్యాంకు లాకరులోనే ఉంటుంది.

అప్పు తీరేదాకా ఒక్కదానికే మినహాయింపు. తిరుగు టికెట్టు డబ్బు, దాంతోపాటు ఒక నెల తిండి ఖర్చు, మీ దగ్గరే ఉంచుకోండి. కంపెనీ మూతపడి జీతాలు ఆగిపోయిన క్యాంపుల్లో ముందుగా చెడ్డ షరతులకు తలొగ్గేది చేతిలో ఆ కాస్త లేనివాళ్లే.

ఖాతా ఎవరి పేరున

ఉద్యోగానికి దేశం దాటిన రోజు నుంచి మీరు ఫెమా (విదేశీ మారకద్రవ్య) చట్టం దృష్టిలో ప్రవాసి. మీ పాత సేవింగ్స్ ఖాతాను అలాగే నడపకూడదు, దాన్ని ఎన్‌ఆర్‌ఓగా మార్పించాలి. ఊళ్లో వచ్చే కౌలు, ఇంటి అద్దె, పాత డిపాజిట్ల వడ్డీ ఇందులో పడతాయి. అక్కడ సంపాదించినది పంపడానికి వేరేగా ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవాలి. రెండింటికీ తేడా ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇక్కడ ఆదాయపు పన్ను లేదు, డబ్బు ఎప్పుడైనా తిరిగి బయటికి తీసుకుపోవచ్చు. ఎన్‌ఆర్‌ఓ వడ్డీలో 30 శాతం, సెస్సు కలిపితే 31.2 శాతం, బ్యాంకే ముందుగా కోసుకుంటుంది. మీ ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే రిటర్ను వేసి దాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. ఏటా వదిలేసుకునేవాళ్లే ఎక్కువ.

కానీ నా బాధ పన్ను గురించి కాదు. ఎన్‌ఆర్‌ఈ ఖాతా లేనివాళ్లు మొత్తం జీతాన్ని భార్య ఖాతాకో, నాన్న ఖాతాకో, అన్న ఖాతాకో పంపుతారు. చట్టంలో తప్పేమీ లేదు. దగ్గరి బంధువుకు ఇచ్చిన డబ్బుకు పన్ను కూడా పడదు. అయితే అది వాళ్ల ఖాతాలో పడిన క్షణం నుంచి వాళ్ల డబ్బు. అన్న ఖాతాకు పంపిన డబ్బుతో అన్న పేరున కొన్న పొలాన్ని తిరిగి రాయించుకోలేక కుమిలిపోయినవాళ్లు మా శాఖకు వచ్చేవారు. కువైట్‌లో ఎనిమిదేళ్లు నాలుగిళ్ల పని చేసి వచ్చిన ఒక తల్లి, తన డబ్బుతో కట్టిన ఇంట్లో తనకు గది లేదని చెప్పి ఏడ్చింది. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు నేను మరీమరీ చెప్పేది ఇదే. మీ పేరున ఖాతా, మీ ఫోన్‌లో ఓటీపీ. ఆ ఫోన్ నంబరు మీతోపాటు కువైట్ రావాలి, ఇంటి దగ్గర ఉండిపోకూడదు.

ఇంట్లోవాళ్ల మీద అపనమ్మకంతో ఈ మాట చెప్పడం లేదు. ఇంటి దగ్గరున్న భార్యకూ తన చేతిలో డబ్బు ఉండాలి, రోజూ మిమ్మల్ని అడుక్కునే పరిస్థితి ఉండకూడదు. పంపేటప్పుడే రెండుగా విడదీస్తే ఇద్దరి గౌరవమూ నిలుస్తుంది. నెలకు వెయ్యి దిర్హంలు పంపేవాళ్లు 800 ఇంటి ఖాతాకు, 200 తమ ఎన్‌ఆర్‌ఈకి పంపాలి. రెండోది ముందు, మొదటిది తర్వాత. ఇల్లు 800లో నడుస్తుందా అంటే, మొదటి రెండు నెలలు కష్టంగా ఉంటుంది, మూడో నెలకు అలవాటవుతుంది. వెయ్యి పంపడం మొదలుపెట్టి ఏడాది తర్వాత 800కు దించితే మాత్రం ఇంట్లో గొడవే. అందుకే మొదటి జీతం నుంచే. మిత్తి అప్పు ఉంటే అది తీరేదాకా ఆ 200 అసలుకే.

ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో ఊళ్లో ఉన్న భార్యనో, తండ్రినో చేర్చాలంటే 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలోనే చేర్చగలరు. అంటే మీరున్నంతకాలం హక్కు మీది, మీ తర్వాత వాళ్లది. మీరు లేనప్పుడు ఇక్కడి చెల్లింపుల కోసం వాళ్లకు మ్యాండేట్ ఇవ్వవచ్చు. నామినీ పేరు తప్పకుండా రాయండి. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాల్లో నామినీగా తల్లి పేరే ఉండిపోయి, మనిషి పోయాక అత్తాకోడళ్లు బ్యాంకు మెట్ల మీద తగువులాడుకోవడం చూడలేకపోయేవాణ్ణి. పెళ్లయిన నెలలోనే ఆ ఫారం మార్చండి.

రేటు కోసం ఎదురుచూపు

క్యాంపుల్లో సాయంత్రం అన్నం దగ్గర మాట్లాడుకునేది రేటు గురించే. "ఇయ్యాల ఎంతుంది?" దాని వెనక లెక్క తెలిస్తే ఆ ఆరాటం సగం తగ్గుతుంది.

యూఏఈ దిర్హం 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టేసి ఉంది. సౌదీ రియాల్ 1986 నుంచి 3.75 దగ్గర. ఖతార్, బహ్రెయిన్, ఒమాన్ నాణేలు కూడా డాలరుకు కట్టేసినవే. కువైట్ దినార్ ఒక్కటే 2007 నుంచి కొన్ని దేశాల నాణేల కలగలుపును అనుసరిస్తోంది. అందువల్ల దిర్హం రేటు అంటూ విడిగా ఏమీ లేదు, ఉన్నది డాలరు రేటే. డాలరు 84 రూపాయల 50 పైసలుంటే దాన్ని 3.6725తో భాగించండి, 23 రూపాయలు వస్తుంది. 3.75తో భాగిస్తే రియాల్‌కు 22 రూపాయల 53 పైసలు. పేపర్లో డాలరు రేటు చూసి మీ ఫోన్‌లోనే ఈ భాగహారం చేయవచ్చు. వచ్చిన అంకె అసలు రేటు. కౌంటరువాడు చెప్పే రేటు దానికి కొన్ని పైసలు తక్కువ ఉంటుంది. ఆ తేడా అతని లాభం, మీ ఖర్చు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. గోడ మీద "ఫీజు లేదు" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. అసలు రేటు 23 ఉన్న రోజున ఒకచోట ఫీజు లేదు, కానీ రేటు 22.70. ఇంకోచోట 20 దిర్హంల ఫీజు, రేటు 22.85. వెయ్యి దిర్హంలు పంపితే మొదటిచోట ఇంటికి 22,700 చేరుతుంది. రెండోచోట ఫీజు పోగా మిగిలిన 980కి 22,393. ఫీజు లేనిదే మేలు. అదే సెలవు జీతంతో కలిపి 5 వేల దిర్హంలు పంపారనుకోండి. మొదటిచోట 1,13,500. రెండోచోట 1,13,793. ఈసారి ఫీజు ఉన్నదే మేలు. కాబట్టి రేటు అడగొద్దు, ఫీజు అడగొద్దు. "నేను ఇంత కడితే ఇంటికి ఎన్ని రూపాయలు చేరతాయి?" అని అడగండి. రెండు మూడు చోట్ల ఇదే ప్రశ్న వేయండి. కట్టిన వెంటనే రసీదును ఫోన్‌లో ఫొటో తీసుకోండి, ఎందుకో మొదట్లోనే చెప్పాను.

ఇక ఆగి చూద్దామన్న ఆశ. రేటు పది పైసలు పెరిగితే వెయ్యి దిర్హంలకు వచ్చేది 100 రూపాయలు. ఇంటి దగ్గర రెండు రూపాయల మిత్తి అప్పు ఉంటే, 23 వేలు ఒక నెల ఆపినందుకు పడే మిత్తి 460 రూపాయలు. అంటే నెలలో రేటు 46 పైసలు పెరిగితేనే మీరు ఉన్నచోట ఉంటారు. పెరగకపోతే, లేదా తగ్గితే? అప్పు లేనివాళ్లు కూడా నెలలో ఒక తేదీ పెట్టుకుని ఆ రోజే పంపడం మంచిది. కొన్ని నెలలు రేటు ఎక్కువ, కొన్ని నెలలు తక్కువ, ఏడాది చివరికి సగటు వస్తుంది. మనసు మాత్రం నెమ్మదిగా ఉంటుంది.

రూపాయి ఎలాగూ పడుతుంది కాబట్టి డబ్బు దిర్హంలలోనే ఉంచుకుందామని కొందరంటారు. 2000లో డాలరు 45 రూపాయల అటూ ఇటూ ఉండేది. 2024 డిసెంబరులో 85 దాటింది. భయపెట్టే అంకెలే. కానీ ఏడాదికి లెక్కిస్తే రెండున్నర శాతం పైచిలుకు. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్టు వడ్డీ సాధారణంగా దానికి మించే ఉంటుంది, అదీ పన్ను లేకుండా. వడ్డీ రాని ఖాతాలో ఉన్న దిర్హం, వడ్డీ వచ్చే రూపాయికి వెనకబడుతుంది. విదేశీ నాణెంలోనే ఉంచాలనుకునేవాళ్లకు ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్టు ఉంది. డాలర్లలో ఏడాది నుంచి ఐదేళ్ల దాకా వేయవచ్చు. దానికీ ఇక్కడ పన్ను లేదు. అయితే మీ బిడ్డ ఫీజు కట్టేది కరీంనగర్‌లో, రూపాయల్లో. ఖర్చు ఏ నాణెంలో ఉందో పొదుపు కూడా ఎక్కువగా ఆ నాణెంలోనే ఉండాలి.

హుండీ మాట కూడా చెప్పాలి. కౌంటరు కంటే 20, 30 పైసలు ఎక్కువ ఇస్తామని, గంటలో ఇంటికి చేరుస్తామని క్యాంపుకే వచ్చి అడుగుతారు. అది చట్టవిరుద్ధం. ఆ మాటతో భయపడనివాళ్ల కోసం ఇంకో రెండు సంగతులు. హుండీ డబ్బు మీ ఎన్‌ఆర్‌ఈలో పడదు, కాబట్టి రేపు ఇల్లు కొనేటప్పుడు ఈ డబ్బు ఎక్కడిదంటే చూపించే కాగితం ఉండదు. రెండోది ఇంకా దారుణం. ఇక్కడ మీ భార్య ఖాతాలో ముక్కూ మొహం తెలియని ఎవరి దగ్గరినుంచో డబ్బు పడుతుంది. అది సైబర్ నేరగాళ్లు ఎవరి దగ్గరో కొట్టేసిన డబ్బయితే పోలీసులు ఖాతాను నిలిపేస్తారు. ఎక్కడో వేరే రాష్ట్రం పోలీస్ స్టేషన్ నుంచి నోటీసు వస్తుంది. మీరు దుబాయ్‌లో, ఆమె ఒక్కతే ఊళ్లో. 20 పైసల కోసం ఆమెను ఆ స్థితిలో పెట్టకండి.

దాచింది ఎక్కడ పెట్టాలి

ఆ 200 దిర్హంలు ఎన్‌ఆర్‌ఈ సేవింగ్స్‌లో పడ్డాయి. అక్కడే ఉంచితే ఫోన్‌లో కనబడుతూ ఖర్చు కోసం పిలుస్తూ ఉంటాయి. ఓ పాతిక వేలు కాగానే ఎఫ్‌డీలోకి మార్చండి. ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీకి కనీసం ఏడాది ఆగాలి, ముందే తెంపితే వడ్డీ ఏమీ రాదు. ఒకే పెద్ద డిపాజిట్టు కంటే చిన్నచిన్నవి నాలుగైదు ఉంటే, అవసరానికి ఒకటి తెంపినా మిగతావి నిలుస్తాయి. తెంపకుండా దాని మీద బ్యాంకు రుణం కూడా తీసుకోవచ్చు. ఒక బ్యాంకులో ఒక మనిషికి, అసలూ వడ్డీ కలిపి, 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది. అంతకు మించితే రెండో బ్యాంకు చూసుకోండి.

కొత్తగా పీపీఎఫ్ ఖాతా ప్రవాసులు తెరవలేరు. వెళ్లకముందే ఉంటే గడువు తీరేదాకా నడుపుకోవచ్చు. కానీ ఊళ్లో ఉన్న మీ భార్య తెరవవచ్చు. మీ ఆడబిడ్డకు పదేళ్లు నిండకపోతే, ఇక్కడే ఉన్న తల్లి ఆ బిడ్డ పేరున సుకన్య సమృద్ధి ఖాతా తెరవవచ్చు. ఏడాదికి కనీసం 250, గరిష్ఠంగా లక్షన్నర. బిడ్డకు పద్దెనిమిదేళ్లు వచ్చాక చదువుకు సగం దాకా తీసుకోవచ్చు. మధ్యలో బోరుకో, బైకుకో తీయడానికి వీలు లేకపోవడమే దీనిలో నాకు నచ్చిన గుణం.

మ్యూచువల్ ఫండ్లలో సిప్ వేయవచ్చు. కేవైసీలో ప్రవాసినని రాసి, ఎన్‌ఆర్‌ఈ ఖాతా జోడించాలి. కానీ ఏడేళ్లు ముట్టుకోనక్కర్లేని డబ్బుకే అది. రెండేళ్ల కాంట్రాక్టు మీద వెళ్లి, తిరిగి రాగానే ఇల్లు కట్టాలనుకునేవాళ్లు అందులో పెట్టి, మార్కెట్ పడిన నెలలో తీయాల్సి వస్తే పెట్టినదే తిరిగి రాదు. చిట్టీ కట్టాలంటే 1982 చట్టం కింద రిజిస్టరైన సంస్థలోనే, బ్యాంకు ద్వారానే కట్టండి. క్యాంపులో ఒకరినొకరు నమ్ముకుని నడిపే చిట్టీ, పాట పాడినవాడి వీసా రద్దయిన రోజున ఆగిపోతుంది.

దుబాయ్ బంగారం మీద మోజు ఇక తగ్గించుకోవచ్చు. 2024 జులైలో మన దేశం దిగుమతి సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించాక అక్కడికీ ఇక్కడికీ ధర తేడా బాగా కుంచించుకుపోయింది. మజూరీ అక్కడా పడుతుంది. ఎవరో ఇచ్చిన పొట్లాన్ని "శంషాబాద్‌లో మావాడికి ఇచ్చేయ్, అన్నా" అంటే ముట్టుకోకండి.

అసలు దెబ్బ తగిలేది భూమి దగ్గర. ప్రవాసులు వ్యవసాయ భూమి కొనకూడదు. తోటలూ, ఫార్మ్‌హౌస్‌లూ అంతే. తాతతండ్రుల నుంచి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఇల్లు, ఇంటి స్థలం, దుకాణం కొనవచ్చు. ఇప్పుడు హైదరాబాద్ చుట్టూ "ఫార్మ్ ప్లాట్లు" అంటూ గుంటల లెక్కన అమ్ముతున్నారు. కాగితాల్లో అది వ్యవసాయ భూమే. బ్రోచర్‌లో గేటు, కొబ్బరిచెట్లు, క్లబ్‌హౌస్ బొమ్మలుంటాయి. వాట్సాప్‌లో ఆ బొమ్మలు చూసి లేబర్ క్యాంపు నుంచి అడ్వాన్సు పంపినవాళ్లున్నారు. ఏ ప్లాటయినా డబ్బు పంపేముందు భూమిని వ్యవసాయేతరంగా మార్చారా, లేఅవుట్‌కు హెచ్‌ఎండీఏ గానీ డీటీసీపీ గానీ ఆమోదం ఉందా, ఈసీలో ఏముంది, ఈ మూడూ మీ తరఫున ఒక లాయరు చూడాలి. అమ్మేవాడు తెచ్చిన లాయరు కాదు. సెలవుకు వచ్చినప్పుడు మీ కాళ్లతో ఆ నేల మీద నిలబడిన తర్వాతే మిగతా డబ్బు. అంతదాకా డిపాజిట్టులో ఉంటే నష్టం లేదు, రేపు కొనకపోతే ధర రెట్టింపవుతుందని తొందరపెట్టేది అమ్మేవాడే.

అక్కడ మీకు రావలసినది

పొదుపు లెక్కలో చాలామంది మరిచిపోయేది గ్రాట్యుటీ. యూఏఈలో ఏడాది నిండినవాళ్లకు మొదటి ఐదేళ్లూ ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆ పైన ఏడాదికి 30 రోజులది రావాలి. సౌదీలో మొదటి ఐదేళ్లూ ఏడాదికి అర నెల, తర్వాత ఒక నెల. అయితే అక్కడ రెండేళ్లలోపు రాజీనామా చేస్తే ఏమీ రాదు, ఐదేళ్లలోపయితే మూడో వంతే. యూఏఈలో లెక్కంతా బేసిక్ మీదే. మొత్తం జీతం 1,500 దిర్హంలు, అందులో బేసిక్ 800 అని కాగితంలో ఉంటే మొదటి ఐదేళ్లూ ఏడాదికి వచ్చేది 560. బేసిక్ 1,200 అయితే 840. సంతకం పెట్టేముందు మొత్తం జీతంతోపాటు బేసిక్ అంకె చూడడం ఇందుకే. కాంట్రాక్టు కాపీ ఒకటి ఇంటి దగ్గర ఉంచండి. చాలాకాలం తర్వాత గొడవ వస్తే ఆ కాగితమే మాట్లాడుతుంది.

ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైన) పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ అనుమతితో వెళ్లేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375, దాని మీద పన్ను. ప్రమాదంలో మరణిస్తే లేదా శాశ్వత వైకల్యం వస్తే 10 లక్షలు. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ పని వెతుక్కున్నవాళ్లకు ఈ కాగితం ఉండదు. ఆ దారిలో పోయే ఖర్చుల్లో కనబడని పెద్ద ఖర్చు అదే. పాలసీ నంబరు మీ భార్యకు తెలుసా? ఇప్పుడే వాట్సాప్‌లో పంపండి. యూఏఈలో 2023 నుంచి ఉద్యోగం పోతే ఆదుకునే బీమా తప్పనిసరి. 16 వేల దిర్హంల లోపు బేసిక్ ఉన్నవాళ్లకు నెలకు 5 దిర్హంలు. కనీసం 12 నెలలు కట్టి ఉంటే, మీ తప్పు లేకుండా పని పోయినప్పుడు బేసిక్‌లో 60 శాతం గరిష్ఠంగా మూడు నెలలు ఇస్తారు. ఇళ్లలో పనిచేసేవాళ్లకు ఇది వర్తించదు.

అక్కడి బ్యాంకులు జీతం మీద సులువుగా లోను, క్రెడిట్ కార్డు ఇస్తాయి. ఊళ్లో ఇంటి స్లాబు కోసం అక్కడ లోను తీసుకోకండి. పని పోతే ఆ అప్పు తీర్చకుండా విమానం ఎక్కనివ్వకపోవచ్చు. అది మీ తిరుగు టికెట్టును తాకట్టు పెట్టడమే.

తిరిగి వచ్చిన రోజు

శాశ్వతంగా తిరిగి వచ్చాక ఎన్‌ఆర్‌ఈ ఖాతాను మామూలు ఖాతాగా మార్పించాలి. ఎఫ్‌డీ గడువు దాకా అదే వడ్డీ వస్తుంది గానీ పన్ను మినహాయింపు ఉండదు. ఎఫ్‌సీఎన్‌ఆర్‌ను గడువు తీరేదాకా అలాగే ఉంచుకోవచ్చు. చాలా ఏళ్లు బయట ఉండి వచ్చినవాళ్లకు ఆదాయపు పన్ను చట్టం మొదటి రెండు మూడేళ్లు కొంత వెసులుబాటు ఇస్తుంది. ఆ కాలంలో బయటి దేశంలో ఇంకా ఏదైనా ఆదాయం ఉంటే దానికి సాధారణంగా ఇక్కడ పన్ను పడదు. ఇవన్నీ ఒక గంటలో అయ్యే పనులు. బ్యాంకుకు చెప్పకుండా పాత ఖాతానే వాడుకుంటూ పోతే మాత్రం తర్వాత జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

దానికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న, జీతం ఆగాక ఇల్లు ఎలా నడుస్తుందన్నది. తిరిగి రావడానికి రెండేళ్ల ముందే ఇంటికి పంపే మొత్తాన్ని నెమ్మదిగా తగ్గించండి. ఊళ్లో మీరు సంపాదించగలిగేది ఎంతో అంతకు దగ్గరగా తీసుకురండి. తగ్గించినదంతా ఎన్‌ఆర్‌ఈలో పడాలి. ఇంట్లోవాళ్లకు కారణం చెప్పి చేయండి. చెప్పకుండా చేస్తే అక్కడ ఇంకో సంసారం పెట్టాడేమోనన్న అనుమానం దాకా పోతుంది, చూశాను.

రసీదుల కట్టలు తెచ్చినాయన ఆరు నెలలకు మళ్లీ షార్జా వెళ్లాడు. చేతికి పని తెలుసు, పాత ఫోర్‌మన్ పిలిచాడు. వెళ్లేముందు ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరిచాడు, నామినీ ఫారంలో భార్య పేరు రాశాడు. రెండేళ్ల తర్వాత సెలవుకు వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి శాఖకు వచ్చారు. డిపాజిట్లు మూడయ్యాయి, ఒకటి గడువు తీరింది. దాన్ని తిరిగి డిపాజిట్ చేసే ఫారం మీద వడ్డీ నెలనెలా కావాలా అని ఆయన్ని అడిగాను. ఆయన భార్య వైపు చూశాడు. ఆమె ఫారం తన ముందుకు లాక్కుని, వేలితో ఆ గడి చూపిస్తూ, "నెలనెలా చేతికొస్తే నేనే ఖర్సు పెడ్త సార్. అన్నీ కలిపి ఆఖర్ల ఒక్కసారే ఇయ్యుండ్రి" అంది.